పొట్ట గట్టిదే, నడుము నిలవలేదు: ఒక వంటమాస్టర్ కేస్ స్టడీ

బెంగళూరులో మారతహళ్ళి వైపు ఆంధ్రా మెస్ నడుపుతున్న 41 ఏళ్ళ వంటమాస్టర్ ఒకరు, ఏడు నెలలుగా వస్తూ పోతూ ఉన్న నడుము నొప్పితో నా ఫిజియోథెరపీ క్లినిక్‌కు వచ్చారు. ఆయన స్వస్థలం అనంతపురం జిల్లా. చుట్టుపక్కల పీజీ హాస్టళ్ళలో ఉండే ఉద్యోగులకు రెండు పూటలా భోజనం పెట్టడం ఆయన వృత్తి. గుర్తుపట్టగలిగే వివరాలను తొలగించి, ఆయన అనుమతితో ఈ కేసును రాస్తున్నాను.

నడుము నొప్పితో వచ్చేవారిలో ఎక్కువమంది వ్యాయామం అలవాటు లేనివారు కాగా, ఈయన తెల్లవారుజామున నాలుగున్నరకు లేచిన వెంటనే వంద సిట్-అప్స్, ఆ తరువాత రెండు నిమిషాలకు తగ్గకుండా ప్లాంక్ (బోర్లా ఉండి, ముంజేతులు, కాలివేళ్ళ మీద శరీరాన్ని తిన్నగా నిలిపి ఉంచడం) చేసే మనిషి. వీడియోలు చూసి నేర్చుకున్నారు, క్రమం తప్పకుండా చేశారు. చొక్కా పైకెత్తి చూపించి, "పొట్ట మీద పలకలు కనపడతా ఉండాయి సార్, నడుము మాత్రం పట్టేస్తానే ఉంది. ఇంకా ఎన్ని చెయ్యాల?" అని అడిగారు. సంఖ్య పెంచితే సరిపోతుందన్నది ఆయన అంచనా. ఏ కండరం ఎంత బలంగా ఉందన్నదాని కంటే, ఏ బరువు కింద, ఏ భంగిమలో, ఎంతసేపు నడుమును కదలకుండా పట్టి ఉంచగలదన్నదే ఈ కేసులో అసలు ప్రశ్న అయింది.

నొప్పి కథ

మొదటిసారి నడుము పట్టేసినది అన్నం వారుస్తున్నప్పుడు. గుండిగను రెండు వైపులా గుడ్డలతో పట్టుకుని, ఎడమ పక్కనున్న తూము వైపు తిరిగి గంజి వంచుతుండగా నడుములో ఎడమవైపు కలుక్కుమన్నదట. మూడు రోజులు మంచం మీదే ఉండి, మాత్రలు వేసుకుని మళ్ళీ పనిలోకి దిగారు. ఆ తరువాత నెలకు ఒకటి రెండుసార్లు అదే చోట పట్టేయడం, నాలుగైదు రోజుల్లో సర్దుకోవడం జరుగుతూ వచ్చింది. ఉదయం ముఖం కడుక్కోవడానికి సింకు మీదికి వంగినప్పుడు, బియ్యం బస్తా ఎత్తినప్పుడు నొప్పి ఎక్కువ, నడిస్తే తక్కువ. కాలిలోకి పాకదు, తిమ్మిరి లేదు.

ఆయన వెంట తెచ్చుకున్న ఎమ్మారై రిపోర్టులో నాలుగు, ఐదు నడుము పూసల మధ్య డిస్క్ ఉబ్బినట్లు రాసి ఉంది. ఆ ఒక్క వాక్యం ఆయనను నొప్పి కంటే ఎక్కువగా భయపెట్టింది. దీని గురించి ఆయనతో చాలాసేపు మాట్లాడవలసి వచ్చింది. ఏ నొప్పీ లేని 3,110 మంది స్కానింగులను కలిపి పరిశీలించిన 2015 నాటి సమీక్ష ప్రకారం, నలభై ఏళ్ళ వయసున్న వారిలో సుమారు సగం మందికి డిస్క్ ఉబ్బు కనిపిస్తుంది. ఎనభై ఏళ్ళ వారిలో అది 84 శాతం. కాబట్టి ఆ ఉబ్బు ఆయన నొప్పికి కారణం కావచ్చు, కాకపోనూ వచ్చు. అది ఉన్నంత మాత్రాన నడుము చెడిపోయిందనడం మాత్రం సరికాదు.

పరీక్షలో కనిపించినవి

వ్యాయామం ఊసెత్తక ముందు ప్రమాద సూచనలను పరిశీలించాను. మూత్ర, మల విసర్జనపై పట్టు తప్పడం, తొడల మధ్య భాగంలో స్పర్శ తగ్గడం, పాదంలో బలం క్రమంగా తగ్గిపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, జ్వరం, రాత్రిపూట విశ్రాంతిలోనూ తగ్గని నొప్పి, గతంలో క్యాన్సర్ వంటివి ఏవీ లేవు. వీటిలో ఏది ఉన్నా కోర్ (మొండెం చుట్టూ ఉండి నడుమును నిలిపే కండరాలు) వ్యాయామాల మాట పక్కనపెట్టి వెంటనే వైద్యుడి దగ్గరకు పంపవలసి ఉంటుంది. మోకాలు వంచకుండా కాలు పైకెత్తే పరీక్షలో తొడ వెనుక బిగువు తప్ప కాలిలోకి దిగే నొప్పి రాలేదు. బొటనవేలి బలం, మోకాలి, మడమ ప్రతిచర్యలు మామూలుగానే ఉన్నాయి.

తరువాత నేల మీద ఉన్న రబ్బరు బంతిని తీయమన్నాను. తుంటి దగ్గర దాదాపు కదలిక లేకుండా, వంగడమంతా నడుము పూసల నుంచే జరిగింది. లేచేటప్పుడు ఊపిరి బిగబట్టి, బొడ్డును లోపలికి లాక్కున్నారు. ఎందుకలా చేస్తున్నారని అడిగితే, కోర్‌ను వాడాలంటే పొట్టను లోపలికి పీల్చాలని ఒక వీడియోలో చూశానన్నారు. ఇది చిన్న విషయంలా కనిపించినా, దీని వెనుక ఉన్న అపార్థం చాలామందిలో ఉంది కనుక కింద వివరంగా రాస్తాను.

ప్లాంక్ చేసి చూపించమన్నప్పుడు రెండు నిమిషాల నలభై సెకన్లు నిలబడ్డారు. అయితే నలభై సెకన్లు దాటేసరికే నడుము కిందికి జారింది, పక్కటెముకలు ముందుకు పొడుచుకు వచ్చాయి, శ్వాస ఆగి ఆగి నడిచింది. మిగిలిన రెండు నిమిషాలూ ఆయనను నిలబెట్టినవి ఎక్కువగా తొడ ముందు భాగపు కండరాలు, పట్టుదల.

అసలు లోటు పక్కకు తిరిగి, ఒకే ముంజేతి మీద శరీరాన్ని నిలిపినప్పుడు బయటపడింది. సైడ్ ప్లాంక్‌లో కుడివైపు 38 సెకన్లు, ఎడమవైపు 21 సెకన్లు మాత్రమే ఉండగలిగారు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో స్టూవర్ట్ మెక్‌గిల్ బృందం 1999లో ప్రచురించిన కొలతల్లో, ఆరోగ్యంగా ఉన్న యువకులు ఒక్కో వైపు సుమారు ఒకటిన్నర నిమిషం నిలబడ్డారు. ఈయన యువకుడు కాదు కనుక ఆ అంకెను నేరుగా కొలబద్దగా పెట్టుకోలేం. కుడి ఎడమల మధ్య ఇంత తేడా ఉండటం మాత్రం ఏ వయసులోనైనా పట్టించుకోవలసినదే. బల్ల అంచు నుంచి మొండేన్ని గాలిలో నిలిపి ఉంచే సోరెన్సన్ పరీక్షలో 52 సెకన్లకే వెన్ను వణికింది. ముందు కండరాలకు ఏళ్ళ తరబడి శిక్షణ, పక్క, వెనుక కండరాలకు ఏమీ లేకపోవడం అన్న అసమానత ఈ మూడు కొలతల్లో స్పష్టంగా కనిపించింది.

చివరిగా చేతులు, మోకాళ్ళ మీద ఉంచి, నడుము దిగువన సగం నీళ్ళు పోసిన స్టీలు గ్లాసు పెట్టి, కుడి చేతిని ముందుకూ ఎడమ కాలిని వెనక్కూ చాచమన్నాను. కాలు నేల విడవగానే కటి ఎడమవైపు తిరిగిపోయి, గ్లాసు దొర్లి, నీళ్ళు చాప మీద పడ్డాయి. రెండోసారీ అంతే. వంద సిట్-అప్స్ చేసే మనిషికి ఇది నమ్మశక్యంగా అనిపించలేదు. గ్లాసు జారుడుగా ఉందేమోనని తిప్పి తిప్పి చూశారు.

కోర్ అంటే ఏ కండరాలు

పొట్ట మీద పలకలుగా కనిపించేది రెక్టస్ అబ్డామినిస్. పక్కటెముకల నుంచి జఘనాస్థి వరకు నిలువుగా ఉండే ఈ కండరం మొండేన్ని ముందుకు వంచుతుంది. దాని పక్కల్లో, ఒకదానిపై ఒకటి ఏటవాలుగా అల్లుకున్న బాహ్య, అంతర ఆబ్లిక్ కండరాలు మొండేన్ని తిప్పడానికి, అంతకంటే ముఖ్యంగా తిరగకుండా ఆపడానికి పనికివస్తాయి. వాటికీ లోపల, నడుము చుట్టూ అడ్డంగా ఉండేది ట్రాన్స్‌వర్సస్ అబ్డామినిస్. వెనుక పూసకు పూసకు మధ్య చిన్న చిన్న పాయలుగా మల్టీఫిడస్, దాని మీద పొడవైన ఎరెక్టర్ స్పైనే, పక్కన కటి నుంచి ఆఖరి పక్కటెముక దాకా క్వాడ్రేటస్ లంబోరమ్ ఉంటాయి. పైన ఉదరవితానం (డయాఫ్రమ్), అడుగున పెల్విక్ ఫ్లోర్ కండరాలు పొట్ట అనే ఈ గదిని మూసి ఉంచుతాయి. పిరుదుల కండరాలనూ, వీపున ఉండే లాటిస్సిమస్‌నూ కూడా ఈ లెక్కలో చేర్చాలన్నది నా అభిప్రాయం, ఎందుకంటే నడుముకు పైన, కింద ఉన్న బరువు దాని మీదుగా ప్రవహించేది వాటి ద్వారానే.

కండరాలు లేని నడుము వెన్నెముక, అంటే ఎముకలూ డిస్కులూ బంధకాలూ మాత్రమే ఉన్న వెన్నెముక, సుమారు 90 న్యూటన్ల భారానికే ఒరిగిపోతుందని 1992లో ప్రయోగశాలలో చూపించారు. అది తొమ్మిది కిలోల బరువుకు సమానం. మన తలా, చేతులూ, మొండెమే అంతకు ఎన్నో రెట్లు ఉంటాయి. షామియానా గుంజను నాలుగు వైపులా తాళ్ళు లాగి నిలిపినట్లు ఈ కండరాలు వెన్నెముకను నిలుపుతాయి. ముందు తాడొక్కటే బిగించి మిగతావి వదిలేస్తే గుంజ ఎటు ఒరుగుతుందో ఈ రోగి నడుమూ అటే ఒరుగుతోంది.

ఇక పొట్టను లోపలికి పీల్చడం గురించి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో పాల్ హాడ్జెస్, కరోలిన్ రిచర్డ్‌సన్ 1996లో ఒక ముఖ్యమైన పరిశీలన ప్రచురించారు. ఆరోగ్యవంతుడు చేయి ఎత్తబోయే ముందే ట్రాన్స్‌వర్సస్ బిగుసుకుంటుందని, నడుము నొప్పి ఉన్నవారిలో అది ఆలస్యమవుతుందని వారు చూపించారు. పరిశోధన చెప్పినది బిగువు వచ్చే వేళ గురించి. అది జిమ్ముల దాకా, వీడియోల దాకా చేరేసరికి "బొడ్డును వెన్నుకు అంటించండి" అనే ఆజ్ఞగా మారింది. బరువు ఎత్తేటప్పుడు పొట్టను లోపలికి లాగితే తాళ్ళ మొదళ్ళు గుంజకు దగ్గరవుతాయి, పట్టు తగ్గుతుంది. 2007లో గ్రెనియర్, మెక్‌గిల్ చేసిన విశ్లేషణ కూడా లోపలికి పీల్చడం కంటే పొట్ట చుట్టూ ఉన్న కండరాలన్నింటినీ కలిపి బిగించడమే వెన్నెముకకు ఎక్కువ స్థిరత్వం ఇస్తుందని తేల్చింది. నెమ్మదిగా దగ్గితే పొట్ట, పక్కలు, వెనుక ఒకేసారి గట్టిపడతాయి కదా, ఆ బిగువే కావలసినది. అదీ పూర్తి శక్తితో కాదు. మామూలు పనులకు అందులో నాలుగో వంతు కూడా ఎక్కువే.

వంటగదిలో

ఆయన మెస్ క్లినిక్‌కు దగ్గరే కావడంతో మధ్యాహ్నం వంట వేళకు వెళ్ళి చూశాను. వృత్తిపరమైన నడుము నొప్పికి ఇంతకంటే మంచి పరీక్ష మరొకటి లేదు. ఎనిమిది కిలోల బియ్యం వండిన గుండిగ, అందులోని గంజితో కలిపి ముప్పై కిలోలు దాటుతుంది. ఇద్దరు పట్టవలసిన పాత్ర అది. హెల్పర్లు నిలవకపోవడంతో ఒక్కరే పడుతున్నారు. పొయ్యి మోకాళ్ళ ఎత్తులో, తూము నేలమట్టంలో ఎడమవైపున ఉన్నాయి. నేల తడిగా ఉండటంతో జారతామన్న భయంతో పాదాలను కదపకుండా, మొండేన్ని మాత్రమే ఎడమకు తిప్పి, వంగి, గంజి చివరి చుక్క దాకా అలాగే పట్టుకుని ఉంటున్నారు. వంగడం, తిరగడం, బరువు, నిలిపి ఉంచడం నాలుగూ ఒకేసారి, ప్రతిరోజూ ఒకే వైపు. ఎడమ సైడ్ ప్లాంక్ 21 సెకన్ల దగ్గర ఎందుకు ఆగిందో అక్కడ నిలబడి చూస్తే అర్థమవుతుంది.

దీనికి తోడు తెల్లవారుజాము సిట్-అప్స్. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కులు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి. లేచిన మొదటి గంటలోనే, రోజు మొత్తంలో తగ్గే ఎత్తులో సగానికి పైగా తగ్గుతుంది. ఆ ఉబ్బిన స్థితిలో వంగితే డిస్కుల మీద ఒత్తిడి ఎక్కువ. దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్నవారు ఉదయం పూట వంగడం తగ్గించుకుంటే నొప్పి తగ్గుతుందని స్నూక్ బృందం 1998లో చూపించింది. ఒక్కో సిట్-అప్ వెన్నెముక మీద సుమారు 3,300 న్యూటన్ల నొక్కుడు వేస్తుందని మెక్‌గిల్ లెక్క. అమెరికా వృత్తి భద్రతా సంస్థ నియోష్ 1981లో కార్మికుల విషయంలో జాగ్రత్త మొదలుపెట్టవలసిన హద్దుగా పెట్టిన అంకె 3,400. సిట్-అప్ విషం కాదు, ఎంతోమంది ఏ ఇబ్బందీ లేకుండా చేస్తున్నారు. రోజంతా వంగి బరువులెత్తే ఈ మనిషి, లేవగానే వందసార్లు వంగడం మాత్రం పని మొదలుకాకముందే ఒక షిఫ్టు చేసి రావడంతో సమానం.

శిక్షణ

మొదటి రెండు వారాలు సిట్-అప్స్, కాలివేళ్ళు అందుకునే వంపులు పూర్తిగా ఆపించాను. లేచిన తరువాత గంట వరకు వంగే పనులు పెట్టుకోవద్దని చెప్పి, ఆ సమయంలో కూరగాయల మార్కెట్‌కు నడిచి వెళ్ళమన్నాను. బండి మీద వెళ్ళే అలవాటున్న ఆయనకు ఇది అన్నింటికంటే కష్టంగా తోచింది.

శ్వాసతో మొదలుపెట్టాం. వెల్లకిలా పడుకుని, కాళ్ళు కుర్చీ మీద పెట్టి, తుంటి ఎముక ముందు కొసకు రెండు అంగుళాలు లోపలగా తన వేళ్ళు తానే ఆనించుకుని, ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకలు పక్కలకు విచ్చుకోవాలి, వదిలినప్పుడు వేళ్ళ కింద కండరం మెత్తగా గట్టిపడాలి. వేళ్ళను బయటకు తోసేంతగా ఉబ్బితే ఎక్కువ బిగించినట్లు. ఆ బిగువు సడలకుండా మాట్లాడగలగడం తదుపరి మెట్టు. సాంబారుకు ఏమేం వేస్తారో చెప్పమంటే కందిపప్పు దగ్గరే బిగువు పోయేది; వారం తిరిగేసరికి పోపు దాకా వచ్చారు.

దానిమీద మెక్‌గిల్ సూచించిన మూడు వ్యాయామాలను చేర్చాను. కర్ల్-అప్‌లో ఒక మోకాలు వంచి, అరచేతులు నడుము ఒంపు కింద పెట్టి, తలా భుజాలూ నేల నుంచి కొద్దిగా మాత్రమే లేపాలి, నడుము ఒంపు చదును కాకూడదు. సైడ్ ప్లాంక్‌ను మొదట మోకాళ్ళ మీద నుంచి చేయించాను. మూడవది బర్డ్ డాగ్, అంటే పైన చెప్పిన గ్లాసు పరీక్షే, వ్యాయామంగా. ప్రతిదాన్నీ పది సెకన్లు పట్టి వదలాలి. ముందు ఆరుసార్లు, కాసేపు ఆగి నాలుగుసార్లు, ఆపై రెండుసార్లు. నిమిషాల తరబడి పట్టుకోవడం కంటే చిన్న చిన్న పట్లను ఎక్కువసార్లు చేస్తే భంగిమ చెడకుండా ఓర్పు పెరుగుతుంది. ఎడమ సైడ్ ప్లాంక్‌కు అదనంగా ఒక వరుస ఇచ్చాను.

మూడవ వారం నుంచి వంగడం నేర్పాను. బూజుకర్రను వీపుకు నిలువుగా ఆనించి, తల వెనుక భాగం, భుజాల మధ్య, ముడ్డిపూస మూడూ దానికి తగిలే ఉండేలా పిరుదులను వెనక్కి నెడుతూ వంగాలి. కర్ర ఎక్కడ వదిలితే అక్కడ నడుము వంగినట్లు. దీని పక్కనే, గోడకు కట్టిన రబ్బరు బ్యాండును రెండు చేతులతో ఛాతీ దగ్గర నుంచి ముందుకు చాచి, అది పక్కకు లాగుతున్నా మొండెం తిరగకుండా నిలపడం పెట్టాను. ఈయన పనికి సరిగ్గా సరిపోయే వ్యాయామం ఇదే, ఎందుకంటే గుండిగ అడిగేది ఇదే శక్తిని. తరువాత ఒంటి చేత్తో బరువు మోస్తూ నడవడం: మొదట ఐదు లీటర్ల నూనె క్యాను, క్రమంగా పదిహేను కిలోల నూనె డబ్బా. బరువు కుడిచేతిలో ఉంటే ఎడమ పక్క కండరాలు పని చేస్తాయి. ఇందుకు జిమ్ అవసరం లేదు, ఆయన స్టోరు గది చాలు.

అయితే ఎంత శిక్షణ ఇచ్చినా, ముప్పై కిలోల పాత్రను వంగి, తిరిగి, ఒంటరిగా పట్టుకోవడాన్ని సమర్థించలేను. తూము పక్కన గుండిగ అంచు ఆనేలా తొడ ఎత్తు ఇనుప స్టాండు చేయించుకోమన్నాను. మొత్తం బరువు మోయకుండా వంచితే చాలు. ఎనిమిది కిలోల బియ్యం ఉడికే గుండిగ స్థానంలో రెండు చిన్నవి వచ్చాయి. తూము వైపు పాదాలు తిప్పి నిలబడేలా నేల మీద గరుకు రబ్బరు మ్యాట్ పరిచారు.

ఉగాది ఆర్డర్

ఐదవ వారంలో ఉగాదికి ఒక అపార్ట్‌మెంట్ వారు పులిహోర, బొబ్బట్లతో పెద్ద ఆర్డర్ ఇచ్చారు. అద్దెకు తెచ్చిన పెద్ద గుండిగలు, నిద్ర లేని రాత్రి, స్టాండు లేని చోట వంట. మరునాడు నడుము మళ్ళీ పట్టేసింది. డిస్క్ జారిందేమోనని ఆయన, కోర్ వ్యాయామాల వల్లేనని ఇంట్లోవారు అనుమానించారు. ప్రమాద సూచనలను మళ్ళీ పరిశీలించాను, కొత్తవేమీ లేవు. మంచం మీద పడుకోనివ్వలేదు. గంటకోసారి ఐదు నిమిషాల నడక, శ్వాస, మోకాళ్ళ మీద నుంచి సైడ్ ప్లాంక్ మాత్రం ఉంచి, బరువులు నాలుగు రోజులు ఆపాం. ముందు నాలుగైదు రోజులు ఉండే పట్టు ఈసారి మూడవ రోజుకే సడలింది. ఆయనకు నమ్మకం కుదిరింది కొలతల వల్ల కాదు, ఈ మూడు రోజుల వల్ల.

పన్నెండు వారాల తరువాత

నొప్పి తీవ్రత పదికి ఆరు నుంచి రెండుకు, నడుము నొప్పి రోజువారీ పనులను ఎంత అడ్డుకుంటోందో కొలిచే ఆస్వెస్ట్రీ ప్రశ్నావళిలో ఇబ్బంది 34 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. సైడ్ ప్లాంక్ కుడివైపు 62, ఎడమవైపు 57 సెకన్లు. సోరెన్సన్ పరీక్ష 105 సెకన్లు. గ్లాసులో నీళ్ళు ఒలకడం లేదు. చెప్పుకోదగ్గ విషయం, మామూలు ప్లాంక్ సమయం రెండు నిమిషాల నలభై నుంచి ఒక నిమిషం ఇరవైకి పడిపోయింది, ఎందుకంటే నడుము జారిన క్షణమే ఆపాలన్నది ఇప్పుడు ఆయన నియమం.

ఈ మెరుగుదలలో ఏ భాగం వ్యాయామాలది, ఏ భాగం స్టాండుది, ఏ భాగం ఉదయపు నడకది అన్నది ఒక్క కేసులో విడదీయలేం. లోతైన కండరాలకు ప్రత్యేకంగా ఇచ్చే శిక్షణ మిగతా వ్యాయామాల కంటే స్పష్టంగా మెరుగని దీర్ఘకాలిక నొప్పిలో తేలలేదని వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2016 నాటి సమీక్ష చెబుతోంది. అందుకే ఇదే మూడు వ్యాయామాలను ప్రతి నడుముకూ రాసివ్వను. గంటల తరబడి కూర్చుని పనిచేసే వారికి, కాన్పు తరువాత పొట్ట కండరాల మధ్య ఎడం వచ్చిన వారికి మొదలుపెట్టే చోటే వేరు.

సిట్-అప్స్ మళ్ళీ మొదలుపెట్టవచ్చా అని చివరి సందర్శనలో అడిగారు. నొప్పి లేని రోజుల్లో, సాయంత్రం వంట మొదలయ్యే ముందు, కర్ల్-అప్ ఎత్తు దాటకుండా పదిహేను చేసుకోవచ్చన్నాను. పదిహేనంటే లెక్కలోకే రాదన్నారు. నూనె డబ్బా మరో రెండు రౌండ్లు ఎక్కువ మోయమన్నాను, ఒప్పుకున్నారు.